కంటి మరుగైన మాంసం

నిసోన్ చేతులు చూసినవాళ్లకు అతని ముఖం గుర్తుండదు. రెండు బండరాళ్లకు వేళ్లు మొలిచినట్టుంటాయి. కుడి పిడికిలి మీద కణుపులు లోపలికి కుంగిపోయాయి. ఒకటి సమర్‌ఖండ్ బజారులో, తండ్రి మాంసం కొట్టు ముందు నిలబడి యూదుల్ని బూతులు తిట్టినవాడి దవడ మీద. ఇంకొకటి సైన్యంలో, ఎవరి మీదో అతనికే గుర్తు లేదు. చివరిది ఈ దేశం వచ్చాక ఇక్కడే, క్వీన్స్‌లో, పేకాట మధ్యలో నవ్విన సొంత బావమరిది మీద. ఆ దెబ్బకు బావమరిదికి ఎడమ చెవి పోయింది. భార్య జోయా పెట్టె సర్దుకుని అన్న వెంట వెళ్లిపోయింది. వెళ్తూ ఒక్క మాటే అంది: "నీ చేతుల్తో నువ్వే కాపురం చేసుకో."

అలాంటి మనిషిని వంటింటికి కాపలా పెట్టింది యూదుల మతగురువు, రబ్బీ ఇమానుయెల్.

నూట ఎనిమిదో వీధిలో 'గుల్‌చెహ్రా' హోటలుకు ఒక పక్క కొలంబియా వాళ్ల రొట్టెల కొట్టు, ఇంకో పక్క కొరియా ఆవిడ లాండ్రీ. వెనక ఇరుకు సందు. గుమ్మం మీద కోషర్, అంటే యూదుల నియమానికి చెల్లే తిండి, అని రాసుకున్నంత మాత్రాన తిండి కోషర్ అయిపోదు. నియమం తెలిసిన యూదుడి కన్ను ఒకటి వంటింట్లో ఎప్పుడూ తెరిచి ఉండాలి. పొద్దున్నే పొయ్యిలో నిప్పు అతనే వేయాలి. మాంసం గది తాళాలు అతని మొలకే వేలాడాలి. సంచుల మీది ముద్రలు అతని చేత్తోనే తెగాలి. ముద్ర తెగిన మాంసం కాపలావాడి కంటికి మరుగైతే, అది ఇక ఏ మాంసమో దేవుడికే ఎరుక. యూదుడి పళ్లేనికి పనికిరాదు.

"కూర్చో, చూడు. నీకు పనీ అదే, మందూ అదే," అన్నాడు రబ్బీ తాళాలిస్తూ. "ఏనాడు చెయ్యెత్తుతావో ఆనాడు ఇవి తిరిగి నా చేతికి రావాలి."

నిసోన్ కూర్చున్నాడు. ఏళ్ల తరబడి అదే స్టూలు మీద, అదే మూల. కత్తి ఎముక మీద పడ్డ ప్రతిసారీ అతని భుజంలో ఏదో ఉలిక్కిపడి లేచేది. ఇనుప చువ్వలు గొర్రె కండలోకి దిగుతుంటే అరచేతుల్లో చెమట పట్టేది. చూస్తూ చూస్తూ ఆ కోపం పలచబడింది, ఉడుకుతున్న ఎముకల మీద తేట తేలినట్టు. అడుగున ఏముందో అతను గరిటె పెట్టి కలపలేదు.

అతన్ని నవ్వించగలిగింది షావ్కత్ ఒక్కడే. షావ్కత్ ఉజ్బెక్ ముసల్మాను, నిసోన్ పుట్టిన ఊరివాడే, వయసులో చిన్న. ఆ ఊళ్లో అన్నను పిలిచినట్టే అకా అని పిలిచేవాడు. మాంసం కాల్చడంలో ఆ వీధిలో అతన్ని మించినవాడు లేడు. ఈ దేశంలో ఉండటానికి మాత్రం అతనికి కాగితాలు లేవు.

"నిసోన్ అకా, ఇందాక రెప్ప వేశావు. ఆ సందున మాంసంలో పంది తోక ఒకటి పడేశా."

"పడెయ్యరా. ముందు నీ చెయ్యి మైలపడుద్ది, ఆ తర్వాత కదా నా నియమం."

"నేను తుమ్మినా చూస్తావు. నీ పెళ్లాన్ని ఇలా చూసుకునుంటే ఉండేది కదయ్యా!"

ఈ మాట ఇంకెవరన్నా అనుంటే పళ్లు రాలేవి. షావ్కత్ అంటే నిసోన్ ఉల్లిపాయ తీసి విసిరేవాడు, అంతే.

ఆ రోజు హోటలు యజమాని గవ్రియెల్ తండ్రి తద్దినం. సాయంత్రం హోటల్లోనే యుష్వో: చుట్టాలందరూ కూడి, చనిపోయినవాణ్ణి తలుచుకుంటూ తినే భోజనం. ఉదయమే ఇంటిల్లిపాదీ సమాధి దగ్గరికి పోయారు. వంటింట్లో మిగిలింది నిసోన్, షావ్కత్, గిన్నెలు తోమే నూబియా. నూబియాది ఈక్వడార్; పెద్దవాళ్లను డోన్ అని పిలవడం ఆమె దేశపు మర్యాద. ఆమె చెంప ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయి ఉంది.

"ఏమైంది?" అడిగాడు నిసోన్.

"తలుపు తగిలింది, డోన్ నిసోన్."

"ఆ తలుపు వేలికి ఉంగరం ఉందా?"

చెంప మీద నలుచదరంగా పడిన అచ్చును ఆమె తడి చేత్తో కప్పుకుంది. మళ్లీ గిన్నెల మీదికి వంగింది.

నిసోన్ ముద్రలు తెంచాడు. గొర్రె పక్కటెముకలు, ఎద్దు మాంసం స్టీలు బల్ల మీద ఎర్రగా పరుచుకున్నాయి. షావ్కత్ మోచేతుల దాకా ఉల్లిరసంలో మునిగి మాంసం పిసుకుతున్నాడు. నూబియా చెత్త బుట్ట పట్టుకుని వెనక సందులోకి వెళ్లింది.

మొదట వినిపించింది అరుపు కాదు. ఇనుప డబ్బాకు ఏదో కొట్టుకున్న చప్పుడు. ఆగి, మళ్లీ. గుడి గంటకు ఉండే నిదానం ఉంది దానిలో. మూడోసారి చప్పుడుతో పాటు నూబియా గొంతు వచ్చింది.

షావ్కత్ చేతులు దులుపుకున్నాడు. "నువ్వు కూర్చో అకా. తాళాలు ఉన్నవాడివి. నేను పోతా."

"నువ్వు కదిలావంటే కాళ్లు విరుస్తా. పోలీసులొచ్చేసరికి సందులో ఉన్నావంటే నిన్ను రేపీపాటికి విమానం ఎక్కిస్తారు. లోపల్నించే వాళ్లకు ఫోను చెయ్యి."

ఆ మాట అంటూండగానే నిసోన్ లేచాడు. స్టూలు వెనక్కి పడింది. మాంసం వైపు ఒక్కసారి చూశాడు, ఊరు వదిలేవాడు ఇంటి వైపు చూసినట్టు.

సందులో నూబియా మొగుడు ఎడ్గర్ ఆమె జుట్టు చేతికి చుట్టుకుని ఉన్నాడు. చెత్త డబ్బా అంచుకు ఆమె తలను కొడుతున్నాడు. ఆమె నోటి నుంచి రక్తం గడ్డం మీదుగా తీగలా సాగింది. నిసోన్ మొదటి దెబ్బ వాడి చెవి కింద పడింది. జుట్టు వదిలాడు. రెండోది ముక్కు మీద. పచ్చి కట్టె విరిగిన చప్పుడు. వాడు జేబులోంచి కత్తి లాగాడు. నిసోన్ ఆ మణికట్టు పట్టుకుని, గొర్రె కాలు విరిచినట్టు మోకాలి మీద విరిచాడు. కత్తి రాళ్ల మీద పడి గిరగిరా తిరిగింది.

అక్కడితో పని అయిపోయింది. నూబియా బతికింది, వాడు నేల మీద ఉన్నాడు, చేతిలో ఆయుధం లేదు.

నిసోన్ ఆగలేదు. వాడి ఛాతీ మీద కూర్చుని మళ్లీ కొట్టాడు. ఇన్నేళ్లూ ఎముకల మీద పడ్డ ప్రతి కత్తి దెబ్బా భుజంలో దాక్కుని ఉందేమో, అన్నీ బయటికొచ్చాయి. వాడి ముఖం మెత్తబడింది. పెదవీ చెంపా ఒకటే ఎరుపైపోయాయి. నిసోన్‌కు కళ్ల ముందు ఆ సందు కాస్తా వెలుగుతో నిండినట్టయింది. ఒళ్లంతా తేలికయింది, ఎండాకాలం ఏట్లోకి దూకినట్టు.

"చాలు, డోన్ నిసోన్! చచ్చిపోతాడు!"

భుజం మీద నూబియా గోళ్లు దిగబడ్డాయి. ఆ నొప్పికి తెలివొచ్చింది.

పోలీసులు వచ్చేసరికి కింద ఉన్నవాడికి ముఖం లేదు, మీద ఉన్నవాడి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఎవరిని పట్టుకోవాలో వాళ్లకు పెద్ద అనుమానం రాలేదు. నిసోన్‌ను గోడకేసి నొక్కి, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. చెంప ఇటుకలకు ఒరుసుకుని తోలు లేచిపోయింది. కారు ఎక్కిస్తుంటే అతను వంటింటి తలుపు వైపే చూశాడు. ఆ తలుపు వెనక బల్ల మీద మాంసం ఉంది. దాన్ని చూసే యూదుడి కన్ను ఇక లేదు.

పళ్లు ఊడిన నోటితో నూబియా సాక్ష్యం చెప్పింది. లాండ్రీ ఆవిడ కిటికీలోంచి చూసిందంతా చెప్పి కత్తి ఎవరిదో తేల్చింది. మధ్యాహ్నం తిరిగాక నిసోన్‌ను వదిలారు. కేసు ఇంకా ఉంది, పిలిచినప్పుడు రమ్మన్నారు.

తిరిగొచ్చేసరికి గవ్రియెల్ వంటింట్లో ఉన్నాడు. మాంసమంతా చువ్వలకెక్కి వరసగా పడుకుని ఉంది.

"రండి పహిల్వాన్ గారూ," అన్నాడు గవ్రియెల్. "మా నాన్న తద్దినం పూట పోలీసుల్ని కూడా భోజనానికి పిలుచుకొచ్చావేంటి?"

"ఈ మాంసం పనికిరాదు గవ్రియెల్."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. అదే దోషం."

"నేను చూశాను," అన్నాడు షావ్కత్.

అతను పొయ్యి పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి ఆ చోటు వదిలినట్టు లేడు.

"పోలీసులు వెనక తలుపు బాదారు. ముందు తలుపు తీసే ఉంది. పారిపోయేవాణ్ణే. పోలేదు. బల్ల దగ్గరే నిలబడ్డా. నీ కన్ను పోయిందని నా కన్ను పెట్టాను అకా. ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు."

నిసోన్ అతని వైపు తిరిగాడు. "నీ మాట మీద నా ప్రాణం పెడతానురా. ఈ మాంసం పెట్టలేను."

"ఎందుకని?"

"నీ కన్ను మంచిదే. నియమం దాన్ని లెక్కలోకి తీసుకోదు."

గవ్రియెల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "విను. చుట్టాలు బయల్దేరారు. నువ్వు మాంసం గురించి నోరు మూసుకో, నీ పిడికిలి గురించి నేను మూసుకుంటా. తాళాలు నీ దగ్గరే ఉంటాయి. ఈ చేతులు చూసి ఇంకెవడు పని ఇస్తాడు నీకు? ఆలోచించుకో."

ఆలోచించడానికేమీ లేదు. ఈ తాళాలు లేకపోతే తను మళ్లీ ఆ చేతులే. అది అతనికి గవ్రియెల్ కన్నా బాగా తెలుసు. ఫోను తీసి రబ్బీకి చేశాడు. మాంసం సంగతి చెప్పాడు. చెయ్యి సంగతీ చెప్పాడు.

ఫోను పెట్టేలోపే షావ్కత్ దెబ్బ తగిలింది. నోటి మీద, సూటిగా. తల వెళ్లి అల్మరాకు కొట్టుకుంది. పళ్లేలు జారి భళ్లున పగిలాయి. నిసోన్ కుడి చెయ్యి దానంతటదే లేచింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని బల్ల అంచుకు అదిమాడు.

"కొట్టు!" అరిచాడు షావ్కత్. అతని కళ్లు తడిగా మండుతున్నాయి. "వాణ్ణి కొట్టావుగా, నన్నూ కొట్టు! నీతో దెబ్బలు తినడానిక్కూడా పనికిరానా నేను?"

నిసోన్ నోట్లోని రక్తం మింగాడు.

గవ్రియెల్ తల బాదుకుంటూ, ముద్రలు అక్కర్లేని చేపల కోసం మనుషుల్ని పరిగెత్తించాడు. ఆ సాయంత్రం చుట్టాలు వెల్లుల్లీ కొత్తిమీరా నీళ్లు పోసిన వేపుడు చేపలు తిని, చనిపోయినాయన మంచితనం చెప్పుకుంటారు. ముసలాయనకి చేపంటే అసహ్యమన్న సంగతి ఎవరూ ఎత్తరు.

రబ్బీ ఇమానుయెల్ వచ్చి నిసోన్‌ను సందులోకి తీసుకెళ్లాడు. రాళ్ల మధ్య రక్తం నల్లగా ఎండింది.

"ఆ పిల్ల ప్రాణం కోసం కొట్టావు. అందుకు తాళాలు అడగను," అన్నాడు. "వాడి చెయ్యి విరిగాక కూడా ఎందుకు కొట్టావు?"

నిసోన్ ఎండిన రక్తాన్ని బూటు అంచుతో గీకాడు.

"కొడుతుంటే బాగుంది రబ్బీ," అన్నాడు చివరికి. "చాలా బాగుంది."

రబ్బీ కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు. నిసోన్ మొలలోంచి తాళాలు విప్పి ఆ చేతిలో పెట్టాడు.

యూదులకు పనికిరాని మాంసం మిగతా వీధికి పనికొస్తుంది. షావ్కత్ ఆ చువ్వలన్నీ రొట్టెల కొట్టు పెరట్లోకి మోసుకుపోయి బొగ్గులు రాజేశాడు. కొవ్వు కాలిన పొగ మేడల మీదికి పాకింది. కొలంబియా వాళ్లు, లాండ్రీ ఆవిడ, తలకు కట్టుతో నూబియా, ఇంకా ఎవరెవరో చేరారు. నిసోన్ గోడ అవతలి మెట్టు మీద ఒంటరిగా కూర్చున్నాడు.

షావ్కత్ ఒక చువ్వ పట్టుకుని వచ్చాడు. "తింటావా?"

"నాకు కుదరదు."

"తెలుసు. నీ నోటితో ఆ మాట ఇంకోసారి విందామని." చువ్వలోని ముక్క తనే కొరికాడు. "రేపటి నుంచి కాపలాకి ఎవడట?"

"ఎవడో కొత్తవాడు."

"పంది తోక అంటే నవ్వుతాడా?"

"నవ్వడు. ఫిర్యాదు చేస్తాడు."

షావ్కత్ మెట్టు మీద కూలబడ్డాడు. "చెయ్యి ఇటు తే."

పిడికిలి గుమ్మడికాయంత వాచింది, వేళ్లు ముడుచుకోవడం లేదు. షావ్కత్ దాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, పొద్దున మాంసం పిసికినట్టే బలమంతా పెట్టి నొక్కాడు. నిసోన్ కెవ్వుమన్నాడు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ఉండాలి," అన్నాడు షావ్కత్. మరోసారి నొక్కి, నూబియాను ఐసు ముక్కలు తెమ్మని కేకేశాడు.