మేడ తాళమూ, నా మొదటి పోస్టూ

నిన్నటి నుంచి మా చల్లమిరపకాయలకి ఎండ తగులుతోంది. ఇందులో వింతేముంది అంటారా? ఆ ఎండ కోసం ముందు నా పరువు ఆరేసుకోవాల్సి వచ్చింది! చెప్తాను, టీ చల్లారనివ్వకండి.

మేముండేది ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో, మొదటి అంతస్తులో అద్దెకి. కింద ఓనరు సంతోష్ ఆంటీ ఉంటుంది. పైన మేడ. మేడకో తలుపు, తలుపుకో తాళం, దాని చెవి ఆంటీ నడుముకి. మజ్జిగలో నానిన మిరపకాయల్ని కాస్త ఎండకి వేసుకుంటానంటే "నహీ బేటా, సీపేజ్ ఆ జాయెగా" అంటుంది. మిరపకాయలు ఆరేస్తే స్లాబు కారడం ఎక్కడైనా విన్నారా? మా బాల్కనీలోకి వెలుతురు రావాలంటే ఎదురింటి గోడ దయ తలచాలి. గిన్నెలో మిరపకాయలు పులుస్తున్నాయి, వంటింట్లో నేను పులుస్తున్నాను. ఇంకో పూట ఆగితే కాయలన్నీ చెత్తబండి పాలే.

ఆ మంటలోనే బ్లాగు పెట్టాను.

నా చదువు పదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. పకోడీ పొట్లం కాగితం కూడా నూనె తుడిచి చదివే రకాన్ని. చదివిందంతా ఎక్కడో ఒకచోట కక్కాలి కదా! "మీ సొంత వెబ్‌సైట్, కోడింగ్ అక్కర్లేదు" అని ఓ ప్రకటన చాన్నాళ్లుగా ఫోన్‌లో నా వెంట పడుతోంది. మా ఆయన మురళిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "సాయంత్రం నేనొచ్చాక కూర్చుని చేద్దాంలే" అన్నాడు.

"మీరు రావడం నోయిడా ట్రాఫిక్ చేతిలో ఉంది. చదివి అర్థం చేసుకోవడం నా చేతిలో ఉంది," అన్నాను. చూడండి ఎంత పొగరో!

నిజం చెప్పాలంటే సులువే. పేరు అడిగింది, పెట్టాను. డిజైన్ ఎంచుకోమంది, వంటల బొమ్మలున్నది నొక్కాను. పేజీ పైన నెరిసిన జుట్టు దొరసాని ఒకావిడ సలాడ్ గిన్నె పట్టుకుని పకపకా నవ్వుతోంది. పచ్చి ఆకులు చూసి అంత నవ్వెందుకో! తీసేద్దామని చూస్తే పేజీ మొత్తం కుప్పకూలింది. వెనక్కి తెస్తే ఆవిడా నవ్వుతూ లేచొచ్చింది. సరే, పడుండు తల్లీ అని వదిలేశాను.

ఆవిడ కింద ఖాళీ పెట్టె. "మీ కథ ఇక్కడ మొదలుపెట్టండి" అని రాసుంది. అడగాలే గానీ!

"తాళంచెవి మహారాణి" అని శీర్షిక పెట్టి దంచేశాను. మా ఇంట్లో సూర్యుడు కూడా సంతోష్ ఆంటీని అడిగే ఉదయిస్తాడు. ఆవిడ నడుముకి వేలాడేది తాళాలగుత్తి అనుకునేరు, అది ఇంద్రపదవి. ఆవిడ పొయ్యి మీద రాజ్మా ఉడికేలోపు ప్రభుత్వాలు మారిపోతాయి. అంత పెద్ద మేడ మీద ఏడాది పొడుగునా ఎండేది ఆవిడ పాత పరుపు ఒక్కటే. దానికున్న యోగం నా మిరపకాయలకి లేదు. ఇలా సాగింది. పబ్లిష్ నొక్కగానే తెరంతా రంగు కాగితాలు కురిశాయి. పెళ్లిలో కూడా నా మీద అన్ని అక్షింతలు పడలేదు!

ఇక ఎవరికైనా చూపించకపోతే ప్రాణం ఆగదు. లింకు మా ఆయనకి పంపి, ఆ చేత్తోనే మా బిల్డింగ్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా పడేశాను. అవును, ఆంటీ ఉన్న గ్రూపులోనే! మరి ఢిల్లీలో తెలుగువాళ్లకున్న ధీమా అది. మెట్రోలో పక్కవాడి చెమట కంపు గురించి, బట్టల కొట్లో ఓనరు ఎదురుగానే అతని బట్టతల గురించి, గొంతు కూడా తగ్గించకుండా మాట్లాడేసుకుంటాం. మనం తెలుగులో ఉన్నామంటే తలుపు గడియ వేసుకున్నట్టే లెక్క. వీళ్లకేం తెలుస్తుంది, రంగులు చూసి మురుస్తారు అనుకున్నాను. మురిశారు కూడా. "వెరీ నైస్ కలర్, దీదీ" అని ఒకావిడ, దణ్ణం బొమ్మతో ఇంకొకావిడ.

అంతలో మురళి ఫోను. "ఏయ్, ఆ లింకు ఇంకెవరికైనా పంపావా?"

"ఏం, బాగుందా?"

"మా టీమ్‌లో లక్నో అతను ఫోన్‌లో చదివి పడీపడీ నవ్వుతున్నాడు. పేజీ తెరవగానే పైన ఒక పట్టీ వస్తోంది, హిందీలో చూస్తారా అని. నొక్కితే మొత్తం హిందీ అయిపోతోంది."

"మొత్తమా?"

"రాజ్మాతో సహా!"

తీసేద్దామని పరుగున వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంటే, పెట్టడానికి ఇంతలేసి బటన్లు ఇచ్చినవాళ్లు తీయడానికి ఎక్కడ దాచారో కనపడదే! ఏదో నొక్కాను. మళ్లీ రంగు కాగితాలు కురిశాయి.

అప్పుడొచ్చింది కింద నుంచి కేక. "బేటా! నీచే ఆ."

ఇల్లు ఖాళీ చేయమంటుందనే దిగాను. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని ఫోను మొహానికి ఆనించుకుంది.

"సూర్యుడు నన్ను అడిగి ఉదయిస్తాడా?"

తప్పంతా ఆ అనువాదానిదని చెప్పబోయాను.

"మా ఆయన కూడా ఇదే అనేవాడు, పాపం," అంది. "కానీ రాజ్మా మాట అబద్ధం. కుక్కర్ రబ్బరు పోయింది, అంతే. అది రాయాలి కదా?"

"రాస్తానాంటీ."

"అది సరే, యే కౌన్ హై?" దొరసాని మీద వేలు పెట్టి, మొదటిసారి గొంతు పెంచింది. "కథ నాదీ, ఫోటో ఈ గోరీదా? నేను చచ్చానా?"

పది నిమిషాల్లో పట్టు సల్వార్ సూటు వేసుకుని, లిప్‌స్టిక్ పూసుకుని, తాళాలగుత్తి ముందుకి తిప్పుకుని మేడ ఎక్కింది. "నీ మిర్చీ కూడా తీసుకురా, వెనకాల కనపడాలి" అంది. దుప్పటి పరిచి పోశాను. ఫోటో అదిరింది.

ఇప్పుడు నా బ్లాగుకి చందాదారు ఒక్కరే. ఎవరో చెప్పక్కర్లేదు. ఇవాళ పొద్దున మిరపకాయలు తిరగేద్దామని తాళం అడిగితే, చెయ్యి నడుము మీద వేసుకుని అంది, "పెహలే నయా పోస్ట్." ముందు కొత్త పోస్టు, ఆ తర్వాతే తాళమట!

ఇన్ని పుస్తకాలు చదివి, సొంత బ్లాగంటే సొంత రాజ్యమనుకున్నాను. అదీ ఆ గుత్తికే వేలాడుతోంది, మేడ తాళం పక్కనే.