తలుపు తియ్యని శనివారం

రత్నకుమారిది బాపట్ల. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆదివారాలు తెలుగు క్రైస్తవ కుటుంబాల పిల్లలకు బైబిలు క్లాసు చెప్పేది. తొలినాటి విశ్వాసులు రోమా సామ్రాజ్యపు పట్టణాల్లో ఎలా బతికారో చెప్పడమంటే ఆమెకు ప్రాణం.

ఆ చెప్పేదాంట్లో సగం ఎదురు ఫ్లాట్‌లోని రైసా ఫైన్‌బెర్గ్ చలవే. ఉక్రెయిన్‌లోని ఒడెస్సా నుంచి వచ్చి ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఎనిమిదేళ్ల యూదురాలు. శుక్రవారం సాయంత్రాలు రత్నకుమారిని పిలిచి, రొట్టె తుంచి పెట్టేది. “మీ మొదటి క్రైస్తవుల్లో చాలామంది మావాళ్లే కదా,” అనేది వచ్చీరాని జర్మన్‌లో. పూర్వం అంతియొకయ పట్టణంలో క్రైస్తవులు పండగలకు యూదుల సమాజమందిరాలకు వెళ్లేవారనీ, అందుకు క్రైస్తవ బోధకులు వాళ్లను తిట్టిపోసేవారనీ రత్నకుమారి ఆమె నోటే వింది.

2020 నవంబరు నాటికి కరోనా వల్ల క్లాసు జూమ్‌లో నడుస్తోంది. ఆ వారం పాఠం, పూర్వం అలెక్సంద్రియను ఊడ్చేసిన తెగులు గురించి. శనివారం మధ్యాహ్నం నోట్సు రాసుకుంటుంటే ఎవరో తలుపు తట్టారు. తలుపు కంతలోంచి చూసింది. రైసా గోడ పట్టుకుని దగ్గుతోంది.

“రత్నా, డాక్టరుకి ఫోన్ చెయ్యమ్మా. నా మాట వాళ్లకి అర్థం కావడం లేదు.”

లోపల ఆస్తమా ఉన్న భర్త రవీంద్రనాథ్ పడుకుని ఉన్నాడు. ఫోన్ చెయ్యడానికి తలుపు తియ్యక్కర్లేదు. “చేస్తున్నాను” అని లోపల్నుంచే అనొచ్చు. ఆ మాటా అనలేదు. రైసా ఇంకో రెండుసార్లు పేరు పెట్టి పిలిచినా, ఇంట్లో ఎవరూ లేనట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది. కింద ఉండే హైదరాబాద్ స్టూడెంట్ నజియా మెట్లెక్కి రావడం, అంబులెన్స్ పిలవడం అన్నీ తలుపు వెనకనుంచే వింది.

మర్నాడు పాఠం చెప్పింది. “అందరూ రోగుల్ని వదిలేసి పారిపోతుంటే, మనవాళ్లు దగ్గరుండి సేవ చేశారు. సేవ చేస్తూనే చాలామంది పోయారు.”

క్లాసయ్యాక ప్రవీణ అనే తల్లి, “అక్కా, ఏడుపొచ్చేసింది. మీలాంటోళ్లు చెప్తేనే పిల్లలకి ఎక్కుద్ది,” అంది. రత్నకుమారి కెమెరా ఆపేసింది.

నాలుగు వారాలకు రైసా ఆసుపత్రి నుంచి తిరిగొచ్చింది. రత్నకుమారి మాస్కు పెట్టుకుని వెళ్లి, గడప బయటే నిలబడింది.

“ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను.”

“తెలుసు. తలుపు కింద నీ కాళ్ల నీడ కనబడింది.”

“ఆయనకి ఆస్తమా...” అని మొదలుపెట్టి, తన మాట తనకే రోత పుట్టి ఆపేసింది.

“భయపడ్డావు. అది నాకు అర్థమైంది,” అంది రైసా. “నీ పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను. పలకనైనా పలకలేదెందుకో, అదే అర్థం కాలేదు.” మెల్లిగా తలుపు మూసుకుంది. ఆ తర్వాత మెట్ల మీద ఎదురైతే పలకరించేది కానీ, పేరు పెట్టి పిలవలేదు.

తర్వాతి ఆదివారం క్లాసులో రత్నకుమారి తలెత్తకుండా చెప్పింది. “పోయిన నెల ఒక పాఠం తప్పు చెప్పాను. పారిపోయినవాళ్లంతా వేరేవాళ్లే అన్నాను. మనవాళ్లలోనూ తలుపు తియ్యనివాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల సంగతి ఎవరూ రాసిపెట్టలేదేమో. ఎందుకంటున్నానంటే, నేను తియ్యలేదు.” జరిగింది జరిగినట్టు చెప్పింది.

తెర మీద ముఖాలు పక్కకు తిరిగాయి. “పిల్లల ముందు ఇదంతా ఎందుకక్కా?” అంది ప్రవీణ.

జనవరికి క్లాసులో ముగ్గురు పిల్లలే మిగిలారు. ఆ ముగ్గురికీ పాఠం మానలేదు. మ్యూట్ తీసేముందు మాత్రం, ప్రతిసారీ ఆమె చెయ్యి కాసేపు ఆగేది.