రెండు వందల పది అన్నాను

మా రగ్బీ జట్టు ఫిజియో సార్ మొన్న మంగళవారం వికారాబాద్‌లో చనిపోయారు. తాండూరులో నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర ఉండగా నాకు ఫోన్ వచ్చింది. మిషన్ ఆపలేదు. ఆపితే ఏడుస్తానని తెలుసు. సార్ గురించి నాలుగు మంచి మాటలు రాయమని జట్టువాళ్లు అడిగారు. మంచి మాటలకేం, అందరి ఫోన్ల నిండా ఉన్నాయి. నేను జరిగింది రాస్తాను.

జీతానికి ఆడేవాళ్లం మేము. రగ్బీలో ఉరుకుతూ ఉరుకుతూ ఒక్కసారిగా పక్కకు తిరగాలి. ఆ బరువంతా తుంటి మీద, గజ్జల మీద పడుతుంది. గజ్జలో నొప్పి పుడితే దాచేవాళ్లే ఎక్కువ. అందుకే సార్ వారం వారం మా బలం కొలిచేవారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, బీపీ చూసే మిషన్ పట్టీని చుట్టగా చుట్టి రెండు మోకాళ్ల నడుమ పెట్టేవారు. "గొర్రె తప్పించుకపోతున్నది అనుకోరా, ఇడువకు," అనేవారు. నవ్వాపుకొని ఒత్తేవాళ్లం.

వేరే ఫిజియోలు డయల్ మీది ముల్లు తామే చూసుకుంటారు. ఈయన డయల్ మా చేతికే ఇచ్చేవారు. "నీ ఒళ్లు సంగతి ముందు నీకు ఎరుకుండాలె. సదువు." మేం చదివిన అంకెను సుద్దముక్కతో బండ మీద మా పేరు పక్కన రాసేవారు. తాను మళ్లీ డయల్ చూసేవారు కాదు. ఏడో తరగతిలో బడి మానేసిన నా మాట మీద అంత నమ్మకం పెట్టిన మనిషి అంతకుముందు లేడు. ఆయన పుస్తకాల్లో బొమ్మలు చూసి కండరాల పేర్లు నేర్చుకున్నాను.

ఒక సెలవులో ఇంటికొచ్చి బండలు మోశాను. కుడి గజ్జ పట్టేసింది. పెద్ద మ్యాచ్ ముందుంది. ఆ వారం ఒత్తితే, ఎప్పుడూ రెండు వందలు దాటే ముల్లు నూట ముప్పై దగ్గర ఆగింది. రెండు వందల పది అన్నాను. సార్ రాశారు.

"నొస్తలేదు కద కొడుకా?"

"లే సార్, మంచిగున్న."

రెండో సగంలో బంతి కోసం తిరిగాను. లోపల గుడ్డ చిరిగినట్టయింది. మేనేజర్ వచ్చి, ఏం కొలిచావని అందరి ముందూ సార్‌ను నిలదీశాడు. సార్ తల వంచుకున్నారు. "నా కొలతలనే తప్పున్నది," అన్నారు. పక్కనే పడి ఉన్న నేను నోరు తెరవలేదు. నొప్పి వల్ల కాదు, జట్టులోంచి తీసేస్తారని.

ఎలాగూ తీసేశారు. సార్ మాత్రం ఆదివారం ఆదివారం రైలెక్కి తాండూరు వచ్చి నన్ను మళ్లీ నడిపించారు. ఒక్కసారి కూడా కొలవలేదు. ఎందుకని అడిగాను.

"గా మిషన్ మీద నమ్మకం పోయిందిరా. ఇప్పుడు ఎవ్వలిని కొలుస్తలేను. నడక జూసి చెప్తున్న."

మిషన్ సరిగ్గానే ఉంది. పద్ధతీ సరిగ్గానే ఉంది. తప్పు నాది. అప్పుడైనా చెప్పాల్సింది. చాయ్ తాగించి రైలెక్కించాను. థూ నా బతుకు.

మొన్న వాళ్లింట్లో సార్ భార్యకు అంతా చెప్పాను.

"నాకు జెప్పి ఏం లాభం కొడుకా. పొద్దుగాల లేస్తే గదే యాది జేసుకునేటోళ్లు మీ సార్, తన కొలత తప్పిందని."

తిట్టినా బాగుండేది.

బయట షామియానా కింద ఇప్పటి జట్టువాళ్లు కూర్చున్నారు. చివరి కుర్చీలో ఉన్నవాడు బొటనవేలితో కుడి గజ్జను నొక్కుకుంటున్నాడు. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి తీసేశాడు. ఏమీ లేనట్టు కాలు మీద కాలు వేసుకున్నాడు. మొహం ఒక్క క్షణం బిగుసుకుంది.