డాయెంగ్ జిన్నె చెయ్యి

సముద్రం అవతలి దీవిలో, మారోస్ సున్నపురాతి కొండల్లో ఒక గుహకు కాపలా డాయెంగ్ జిన్నె. అక్కడ పెద్దవాళ్లను గౌరవంగా డాయెంగ్ అనే పిలుస్తారు. మనిషి పిడికెడే, నోరు మాత్రం ఊరంత. గుహ గోడ మీద పూర్వకాలం వాళ్లు ఎర్రరంగుతో గీసిన బుల్లి మనుషులు ఒక అడవి గేదెను వేటాడుతుంటారు. ఎవరైనా గోడ దగ్గరికి వేలు చాపారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

"చెయ్యి వెనక్కి! సంతలో సరోంగ్ బట్ట అనుకున్నావా, తడిమి చూడ్డానికి?"

వేటగాళ్లలో చిట్టచివర ఈటె ఎత్తి పరుగెత్తేవాడంటే ఆమెకు ప్రాణం. పొద్దున్నే మొదటి పలకరింపు వాడికే. "ఇంకా అందుకోలేదుట్రా? కాళ్లీడ్చకు" అనేది. భర్త డాయెంగ్ రోవా ఉడుక్కునేవాడు.

"నేను జ్వరంతో పడుంటే ఒక్కసారైనా ఇలా పలకరించావా?"

"నువ్వెప్పుడు పరుగెత్తావు గనక?"

ఒక ఏడాది ఆ చివరి వేటగాడి చుట్టూ రాయి పెచ్చులు లేవసాగింది. పురావస్తు ఆఫీసు నుంచి సాహర్ వచ్చి, ఫొటోలు తీసుకుని, పెదవి విరిచాడు. "దీనికి మందు లేదు డాయెంగ్." ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు.

కొత్త ఇంటికి కీడు రాకుండా అక్కడివాళ్లు బియ్యప్పిండి నీళ్లలో చెయ్యి ముంచి స్తంభాలకు అద్దుతారు. మర్నాడు జిన్నె పిండి కలిపి పట్టుకెళ్లి, ఎవరినీ తాకనివ్వని ఆ గోడకే, వాడి పక్కన అరచెయ్యి అద్దేసింది.

మళ్లీ వచ్చిన సాహర్ నెత్తి పట్టుకున్నాడు.

"ఎవడా వెధవ?"

"నేనే నాయనా."

"మీరా? మతుండే చేశారా?"

"తుడిచెయ్యి. నా ఉద్యోగం పీకినా పీకు. వాడికేం కాకూడదంతే."

"తుడిస్తే వాడూ ఊడొస్తాడు. వదిలెయ్యండి." పైవాళ్లకేం సర్దిచెప్పాడో గానీ, ఆమె కాపలా ఆమెకే ఉంది.

వానలు వెలిశాక ఒక ఉదయం చూస్తే వాడు లేడు. కింద ఎర్రటి పెచ్చులు, గోడ మీద ఆమె చెయ్యి. అక్కడే కూలబడి, కన్నకొడుకు పోయినట్టు ఏడ్చింది. తేమ వల్ల పోయాడనీ, ఆమె తప్పు కాదనీ సాహర్ ఎంత చెప్పినా నమ్మలేదు.

ఇప్పుడు వచ్చినవాళ్లంతా ఆ తెల్లటి చేతినే చూస్తారు.

"ఇది ఎన్ని వేల ఏళ్లనాటిది అవ్వా?"

"అది నాదే, పాపిష్టి చెయ్యి. దాని పక్కన ఒక మనిషుండేవాడు."

"ఎలా ఉండేవాడు?"

ఆమె సరోంగ్ పైకి దోపుకుని, ఒక మోకాలు వంచి, లేని ఈటెను తల మీదికెత్తుతుంది. కీళ్లనొప్పుల కాళ్లు వణుకుతాయి. అందరూ తనివితీరా చూసేదాకా దించదు.