చందమామ మీద మనిషి దిగిన నాడు మా చెల్లె పుట్టింది

మా చిన్నప్పుడు... బడి గుమ్మం పక్కన చిన్న నల్లబోర్డు ఉండేది. పైన తెల్ల రంగుతో "చరిత్రలో ఈ రోజు" అని రాసి ఉండేది. ఆ తారీఖున ప్రపంచంలో ఏం జరిగిందో మా పెద్దసారు ఒక పుస్తకంలో చూసి, సుద్దముక్కతో కింద రాసేవారు. ప్రార్థనలో దాన్ని గట్టిగా చదవడం ఏడో తరగతిలో నా పని... ఎక్కడి యుద్ధాలో, ఎక్కడి రాజులో! తారీఖులతో సహా చదివేవాణ్ణి.

మా తారీఖులు మాత్రం మాకెవరికీ తెలియవు. గార్ల దగ్గర మా పల్లెలో అవన్నీ ఎవరు రాసిపెట్టారు గనక! చెయ్యి నెత్తి మీదుగా తిప్పితే అవతలి చెవి అందాలి, అంతే. బడిలో చేర్చుకుని జూన్ ఒకటి అని రాసేసేవారు. రిజిస్టరు చూస్తే సగం బడి ఒక్కనాడే పుట్టింది!

ఆ ఏడు జూన్‌లో మా అవ్వ మా చెల్లె చంద్రకళను బడికి తెచ్చింది. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. చెల్లెకు చెవి అందింది. సారు కలం తీశారు...

"జూన్ ఒకటి ఏస్తున్న మల్లమ్మా."

"ఎందుకు సారూ? నా బిడ్డ పుట్టిన నాడు నాకెరుకే. చందమామ మీద మనిషి దిగిన నాడు పుట్టింది. సోమారం పొద్దుగాల."

సారు నవ్వారు. "నీకెవలు చెప్పిన్రు?"

"మంత్రసాని చెప్పింది. పంచాయతి రేడియోల ఇనొచ్చింది. 'మనిషి చందమామ మీద దిగిండట, నీ బిడ్డ భూమ్మీద దిగింది' అన్నది. గందుకే చంద్రకళ అని పెట్టుకున్న."

సారుకు భలే ముచ్చటేసింది. వెంటనే పుస్తకం తీశారు. 1969 జూలై 20 అని ఉంది. కాగితం మీద వెనక్కి లెక్క కట్టి చూస్తే అది ఆదివారం!

"ఆదివారం గదా మల్లమ్మా... మర్సిపోయినట్టున్నవ్."

"మా వారం అంగడి సోమారం సారూ. మా ఇంటాయన అంగడికి పోయిండు. నొప్పులతోని నేనొక్కదాన్నే ఉన్న. గది మర్సిపోతనా?"

"మరి పుస్తకం తప్పా?"

"పుస్తకం రాసినాయన నా కాన్పుకు వచ్చిండా?"

బడంతా గొల్లుమంది. సారుకు చిన్నతనంగా అనిపించినట్టుంది. "పొద్దుగూకే దాంక చూస్త. తేలకుంటే జూన్ ఒకటే," అన్నారు.

అవ్వ మొహం వాడిపోయింది. ఊళ్లో ఏ బిడ్డకూ లేని రోజు తన బిడ్డకు ఉందని ఆరేళ్లుగా మురిసిన మనిషి... నాట్లకు పోయింది. రోజూ నేను గట్టిగా చదివే తారీఖుల పుస్తకమే మా అవ్వను అబద్ధాలకోరును చేసింది కదా...

మధ్యాహ్నం మాకు భూగోళం పాఠం. సారు గ్లోబు తిప్పుతూ, మనకు పగలైతే అమెరికాకు రాత్రి అని చెబుతున్నారు. చెబుతూ చెబుతూ ఆగిపోయారు. గ్లోబును ఇటు తిప్పారు, అటు తిప్పారు.

"అరే... వాళ్లకు ఆదివారం రాత్రి అయితుంటే మనకు సోమారం తెల్లారుతది గదరా! పో, మీ అవ్వను తోల్కరాపో!"

ఎట్లా ఉరికానో నాకే తెలియదు! అవ్వ మోకాళ్ల దాకా బురదతోనే వచ్చి గుమ్మం అవతల నిలబడింది.

"పుస్తకం ఓడిపోయిందా సారూ?"

"పుస్తకం ఓడలే, నువ్వు ఓడలే. గది వాళ్ల తారీఖు, నీది మన తారీఖు." నవ్వుతూ రిజిస్టరులో 21-7-1969 అని రాశారు.

జూలై 21 వచ్చింది. ఆ ఏడు కూడా సోమవారమే! బోర్డు మీద సారు రెండు వాక్యాలు రాశారు. "మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. మన బడి పిల్ల చంద్రకళ పుట్టింది." నేను చదివిన చదువుకు గోడ మీది పిట్టలు లేచిపోయాయి. అంగడికి పోతూ అవ్వ బోర్డు దగ్గర ఆగింది. "ఏదిరా, చెల్లె పేరు ఏడున్నది?" అని వేలు పెట్టి చూసింది. 'చ' సగం చెరిగిపోయింది... ఆ సుద్ద అంటిన వేలిని కొంగుకు కూడా తుడుచుకోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నా బిడ్డ కొత్తగూడ దిక్కు టీచరమ్మ అయింది! మొన్న జూలై 21న, మళ్లీ సోమవారమే, వాళ్ల బడి బోర్డు మీద అవే రెండు వాక్యాలు రాసి ఫొటో పంపింది. "మన బడి పిల్ల" అన్న చోట "మా మేనత్త" అని రాసింది, అంతే తేడా. నా సంతోషం ఏమని చెప్పను! భూపాలపల్లిలో మనవలను ఆడిస్తున్న చెల్లె వెంటనే ఫోన్ చేసింది. "అన్నా, నన్ను మళ్ల చందమామ పక్కన కూసోబెట్టిన్రే!" అని ఒకటే నవ్వు... ఒకటే ఏడుపు.

ఇప్పుడు దవాఖానలో గంట, నిమిషంతో సహా రాసిస్తున్నారు. మంచిదే. కానీ ఆ నాడు లోకంలో ఏమైందో బిడ్డకు చెప్పే మంత్రసాని లేదు, అవ్వా లేదు...

నేను మాత్రం ఇప్పటికీ జూన్ ఒకటే. ఒకసారి అవ్వనడిగాను, నేను పుట్టిన నాడు ఏమైందని.

"గా నాడు ఏం గాలే బిడ్డా... నువ్వే అయినవ్," అన్నది.

మరి మీ ఇంట్లో ఏం చెప్పేవారు? మీరు పుట్టిన నాడు ఏమైందట?