పది సెలవుల మనిషి

పోయిన ఆదివారం ఆటోనగర్‌లో నాకు శాలువా కప్పారు. నేను పాతికేళ్ళు రేకు కొట్టిన లారీ బాడీల షెడ్డు ఇప్పుడు మూడంతస్తుల షోరూమయింది. దాని ప్రారంభానికి పాత మేస్త్రీల్లో మిగిలిన నలుగురినీ పిలిచి వరసగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. మా ఓనరు గారు పోయి చాలా కాలమైంది, వారబ్బాయి మైకు పట్టుకున్నాడు. "ఈయన పాతికేళ్ళలో పట్టుమని పది సెలవులు పెట్టి ఎరగరండీ! ఈ కాలం కుర్రాళ్ళు చూసి నేర్చుకోవాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. మైకు ఇటిమ్మని అడుగుదామని లేవబోయేంతలో ఫొటోగ్రాఫరు "తాతగారూ, కొంచెం తల పైకెత్తండి" అన్నాడు. ఎత్తాను. ఎత్తి, నవ్వాను కూడా. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాది పామర్రు పక్కన పల్లె. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తరవాత చదువంతా అద్దె పుస్తకాల బడ్డీలోనూ, లైబ్రరీ బెంచీల మీదా, పకోడీ పొట్లం విప్పాక మిగిలిన కాగితంలోనూ సాగింది. ఎక్కడెక్కడి దేశాల్లోనో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం ఎలా కొట్లాడారో నాకు కంఠతా వచ్చు. షెడ్డు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడి ఆ చరిత్రంతా ఉపన్యాసంలా చెప్పేవాణ్ణి. టీ గ్లాసు ఖాళీ కాగానే లోపలికెళ్ళి, పొద్దున ఏడున్నరకు మొదలెట్టిన పని చీకటి పడ్డాక కూడా చేసేవాణ్ణి. ఆదివారం ఒంటిపూట అనేవారు. ఆ ఒంటిపూట సాయంత్రం నాలుగింటికి గాని తెమిలేది కాదు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. లారీ ఓనరు తన బండి పక్కనే నవారు మంచం వేసుక్కూర్చుని "మేస్త్రి గారూ, మీ చేతిలో ఉంది" అంటే చాలు, నాకు ఇల్లు గుర్తుండేది కాదు. ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో అనిపించుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

రేకు పనంటే, చదునుగా ఉన్న ఇనప రేకును చెక్క దిమ్మ మీద పెట్టి, కొట్టి కొట్టి క్యాబిన్ వంపులు తేవడం. పన్నెండు మందిమి ఒకే కప్పు కింద కొట్టేవాళ్ళం. పక్కవాణ్ణి సుత్తి అందించమనాలన్నా గుండెల్లోంచి అరవాలి. ఆ అరుపు నాతో పాటు ఇంటికీ వచ్చేది. పటమటలో మేం అద్దెకు దిగిన కొత్తల్లో ఇంటిగలావిడ మా ఆవిడను పక్కకు పిలిచి "ఏమ్మా, మీ ఆయన నిన్ను కొడతాడా?" అని అడిగిందట. "లేదండీ, ఉప్పు అడుగుతున్నారు" అని చెప్పిందట మా ఆవిడ. ఈ సంగతి షెడ్డులో చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఎవరికీ ఏమీ తట్టలేదు, నాకైతే అసలే తట్టలేదు.

మాకు ఒక్కతే అమ్మాయి. నేను ఇల్లు చేరేసరికి నిద్రపోయేది కాబట్టి నాకు దక్కేది పొద్దున పది నిమిషాలు. గుమ్మంలో నిలబడి ఒక్క కేక వేస్తే దుప్పటి తన్నేసి పరుగెత్తుకొచ్చి నా చెప్పులు తెచ్చి ముందు పెట్టేది. నాన్న మాటంటే పిల్లకు ప్రాణం అని పదిమందికీ చెప్పుకునేవాణ్ణి. దానికి నాలుగేళ్ళు నిండిన కొత్తల్లో మా ఆవిడ "ఏమండీ, పిల్లకు చెవుల్లో చీము కారుతోంది, పిలిస్తే పలకడం లేదు" అంది. తొంభై ఆరో, తొంభై ఏడో. "నేను పిలిస్తే రాదూ?" అని అక్కడికక్కడే కేక పెట్టాను. గోడవైపు తిరిగి ఆడుకుంటున్న పిల్ల గిరుక్కున తిరిగి వచ్చేసింది. "చూశావా? దాని చెవులు బాగానే ఉన్నాయి. నీ మాటంటేనే లెక్కలేదు" అని తీర్పు చెప్పి, క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాను.

పాపం, మా ఆవిడ అంతటితో ఊరుకోలేదు. వీధి చివర డాక్టరు దగ్గర చుక్కల మందు తెచ్చి వేసింది. ఆయన, చెవుల డాక్టరుకు చూపించమన్నాడట. "పెద్ద డాక్టరు చెప్పేది నాకొక్కదానికి ఏం అర్థమవుతుంది, ఒక్క పూట మీరూ రండి" అంది. ఈ బండి డెలివరీ అవగానే వెళ్దామన్నాను. ఆ బండి వెనక ఇంకో బండి వచ్చింది, దాని వెనక ఇంకోటి. పిల్ల బడిలో చేరింది. చెప్పింది రాయదు, అడిగింది చెప్పదు, మొండి పిల్ల అని టీచరు కబురు పంపింది. మా ఇంట్లో మొండితనమని తేల్చింది మొదట నేనే కదా. ఒక రోజు మా ఆవిడ అన్నం పెట్టి ఎన్నిసార్లు పిలిచినా రాలేదని పిల్లను కొట్టింది. జన్మలో చీమను కూడా నలపని మనిషి నా మాట నమ్మి కొట్టింది.

షెడ్డులో సుత్తి మోగని రోజు ఏడాదికి ఒక్కటే, దసరాలో ఆయుధ పూజ. సుత్తులూ కత్తెరలూ కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పరిచేవాళ్ళం. ఆ రోజు వాటిని ముట్టుకోకూడదు. పెళ్ళాం పిల్లలతో వచ్చి, గుమ్మడికాయ కొట్టాక పులిహోర, బూందీ తిని వెళ్ళడం ఆనవాయితీ. ఆ ఏడు మా అమ్మాయికి ఆరు నిండాయి. కొత్త గౌనులో, ఒక లారీ ముందు కట్టిన బంతిపూల దండ చూస్తూ నిలబడింది. కంప్రెసరు కూడా ఆగిపోవడంతో కప్పు మీద కాకి నడిస్తే వినిపిస్తోంది.

సీట్లు కుట్టే భాయ్ గారు కూడా వచ్చారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆయనది వెనక గదిలో సూదీ దారం పని, మాటా అంత మెత్తగా ఉండేది. మిగిలిన ఎర్ర రెగ్జిన్ ముక్కలతో పిల్లకు చిన్న సంచీ కుట్టి తెచ్చారు. దాని వెనక మూడడుగుల దూరంలో గొంతుక్కూర్చుని "పాపా, ఇటు చూడమ్మా" అన్నారు. చూడలేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారీ పిలిచారు.

"అది అంతేలెండి భాయ్ గారూ, మొండిఘటం" అని నవ్వి, నేను కేక పెట్టాను. వెంటనే తిరిగింది.

భాయ్ గారు నవ్వలేదు. "నువ్వు పిలిస్తే ఇక్కడున్న బండ్లు కూడా కదుల్తాయయ్యా. చిన్నగా పిలువు" అన్నారు.

పిల్ల మళ్ళీ పూలవైపు తిరిగేదాకా ఆగాను. చిన్నగా పిలవడం ఎలాగో నాకు తెలియలేదు. మొదటిసారి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి అందరూ మాట్లాడుకునే గొంతుతో దాని పేరు పెట్టి పిలిచాను. అది బంతిపువ్వు రేకులు ఒక్కొక్కటే తుంచుకుంటోంది. ఇంకా దగ్గరకెళ్ళి, వంగి, జడ వెనకే పిలిచాను. కదల్లేదు. కొబ్బరి చిప్పల పళ్ళెంతో మా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. పళ్ళెం కింద పెట్టి, వెళ్ళి పిల్లను రెండు చేతులా ఎత్తుకుంది. అప్పటికి అది ఎత్తుకునే వయసు పిల్ల కాదు.

చెవుల డాక్టరు, చెవి వెనక ఎముక దాకా పుచ్చిందన్నాడు. "రెండేళ్ళ కిందట తీసుకొచ్చి ఉంటే మందులతో పోయేదండీ" అన్నాడు. ఆపరేషను చేసినా కుడి చెవి దక్కలేదు. ఎడమ చెవి, మిషను పెడితే వినిపించేంత మాత్రం మిగిలింది. మైకులో పొగిడిన ఆ పది సెలవుల్లో ఏడు అప్పుడు పెట్టినవే. మా ఓనరు గారు ఆసుపత్రికి తన కారే పంపారు, రోజూ కనుక్కున్నారు. మంచి మనిషి, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. ఆరింటికి ఇంటికి పొమ్మనే మాట ఒక్కటి తప్ప అన్నీ ఇచ్చారు. ఆ మాట నేనే అడిగాను. "మీరు వెళ్తే అందరూ వెళ్తారు కదండీ" అన్నారు ఎంతో నెమ్మదిగా. అయినా పట్టుబట్టి నాలుగు నెలలు ఆరింటికే వచ్చేశాను. తరవాత ధాన్యం బండ్ల సీజను వచ్చింది. ఇంకో నవారు మంచం, ఇంకో "మేస్త్రి గారూ". కళ్ళు తెరుచుకుని మారిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది, కాని అబద్ధం రాయడానికి కూర్చోలేదు.

అమ్మాయి నిలదొక్కుకుంది. ఒకటో తరగతి రెండుసార్లు చదివినా ఆ పైన ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో ఉంటోంది, బట్టల కొట్టు చూసుకుంటుంది. ఈ మధ్యనే దానికీ ఆడపిల్ల పుట్టింది. మొన్న పసిదాన్ని ఒళ్ళో వేసుకుని "అమ్మా, చిన్నప్పుడు నాకేం పాటలు పాడేదానివే?" అని అడిగింది. "తల దువ్వేటప్పుడల్లా ఏవో పాడేదాన్నమ్మా. మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఒక్కటీ గుర్తు రావడం లేదు" అంది మా ఆవిడ. తరవాత ఇద్దరూ, నాకేమైనా గుర్తుందేమోనని నావైపు చూశారు. ఆమె పాడుతుంటే దాని చెవిన పడలేదు, నేను ఇంట్లో లేను, పాడిన మనిషి మరిచిపోయింది. పిల్లకు మాట వినపడని ఆ రెండేళ్ళు మా ఇంట్లోంచే నడిచి వెళ్ళాయి, ఒక్కరం కూడా వాటి అడుగుల చప్పుడు వినలేదు.