మావ వెనక్కి తీసుకున్న మాట

మావ పోయాడని సోమవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. విన్నాను. మిగిలినవి కూడా తీసి, కూర వండి, బడికి సెలవు చెప్పి రాజాం బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మా మేనత్త భర్త ఆయన. ఆటోకి మైకు కట్టుకుని ప్రచారం చెప్పేవాడు. బట్టల షాపు, నొప్పుల నూనె, ఎలక్షన్లు, దేనికైనా ఆ గొంతే. మీలో రాజాం వైపు వాళ్లుంటే వినే ఉంటారు.

నేను సముద్రం ఒడ్డున ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ప్రచారం మనల్ని ఎలా నమ్మిస్తుందో పిల్లలకి చెప్పమని ఒకసారి మావని పిలిచాను. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. "ఆఖరి రెండ్రోజులే అనేవోణ్ని. ఆ ఆఖరు ఎప్పుడూ రాదు. ఊరంతా కొంటన్నారనేవోణ్ని. ఆ సంగతి ఊళ్లోవాళ్లకే తెలీదు," అన్నాడు. సరుకు గురించి చెప్పడానికేమీ లేకపోతే సినిమావాళ్ల బొమ్మ వేస్తారని కూడా చెప్పాడు. పిల్లలు నవ్వారు. "ఒకే మాట పదిసార్లు ఇంటే సెవికి అలవాటైపోతాది. అలవాటైందాన్నే నిజమనుకుంటాం," అన్నప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

ఎందుకో నాకు తెలుసు. అంతకుముందు ఎలక్షన్లలో ఒక అభ్యర్థి మనుషులు ఆయనకి కాగితం రాసిచ్చారు. అవతలివాడు గెలిస్తే ముసలివాళ్ల పింఛన్లు ఆగిపోతాయని. మా బడి పక్కనున్న చేపలవాళ్ల పేటలో రోజంతా అదే చదివాడు. ఎండుచేపలు ఆరబెడుతున్న ఒక మామ్మ ఆటో ఆపి, పింఛను ఆగిపోతే మందులెలా కొనుక్కోవాలని అడిగిందట. ఈయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలూపి వచ్చేశాడు.

ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నాడు. మర్నాడు నన్ను బడి దగ్గర దింపుతానని ఎక్కించుకుని, ఆటో తిన్నగా ఆ పేటలోకి పోనిచ్చాడు. మైకు తీసుకున్నాడు.

"నిన్న పింఛన్లు ఆగిపోతాయని సెప్పినాను. అది నిజమో కాదో నాకు తెలీదు. రాసిచ్చినారు, సదివినాను. అడగకపోడం నా తప్పు."

అదే మాట ప్రతి వీధిలోనూ చెప్పాడు. మళ్లీ మొదటి వీధికొచ్చాడు. ఒకసారి చెప్పావు కదా, చాలదా మావా అన్నాను.

"అబద్ధం రోజంతా సెప్పినాను కోడలా. నిజం ఒక్కసారి సెప్తే సరిపోతాదేటి?"

మామ్మ కోసం అడిగాడు. పొద్దున్నే కూతురి ఊరికి వెళ్లిపోయిందన్నారు. ఆవిడకి ఆ మాట చేరిందో లేదో మావకి ఎప్పటికీ తెలియలేదు.

మధ్యాహ్నానికి ఆ అభ్యర్థి మనుషులొచ్చి ఆటోకున్న బ్యానరు విప్పుకుపోయారు. ఆ తర్వాత ఏ పార్టీ పిలవలేదు. షాపులవాళ్లని ఆఖరి రోజు ఎప్పుడో చెప్పమని అడగడం మొదలుపెట్టాడు, వాళ్లూ తగ్గిపోయారు. చివరికి మిగిలినవి పోలియో చుక్కలు, కరెంటు కోతలు, తప్పిపోయిన పిల్లలు. బాధగా లేదా అంటే, గొంతుకి సులువుగా ఉన్నాదే అనేవాడు.

దహనం అయ్యాక అత్త పక్కన కూర్చున్నాను. జనం వస్తున్నారు, వెళ్తున్నారు. ఏమైనా తింటావా అని అడిగాను. ఇంట్లో ఉన్నంతసేపూ గొంతు దాచుకోడానికి మావ సైగలతోనే మాట్లాడేవాడు. ఏళ్ల తరబడి అత్తకీ అదే అలవాటైంది. ఆవిడ నా వైపు చూడలేదు. ఖాళీ మంచం వైపు తిరిగి, వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టి, నువ్వు తిన్నావా అన్నట్టు అరచెయ్యి తిప్పింది. ఆ చెయ్యి కాసేపు అలా గాల్లోనే ఉండిపోయింది.